ఎర్ర కారు ఎడమ కన్ను

ఆ రోజుల్లో మార్కాపురంలో ఏ బండికైనా హెడ్‌లైటు వెలగలేదంటే కారణాలు మూడే ఉండేవి. బల్బు మాడిపోయి ఉండాలి, ఫ్యూజు కొట్టేసి ఉండాలి, లేదంటే ఎర్తు అందకుండా ఉండాలి. నాలుగో కారణం ఉందంటే మా నాయన ఒప్పుకునేవాడు కాదు. కంభం రోడ్డులో రేకుల కొట్టు మాది. ముందు పలకల లోడు లారీలు, పక్కన ట్రాక్టర్లు, మధ్యలో ఎప్పుడైనా ఒక అంబాసిడరు. నాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, చెవి ఒగ్గి విని, టెస్ట్ ల్యాంపు రెండు చోట్ల ఆనించి "ఎర్తు" అనేవాడు. అదే అయ్యేది. నేనేమో ఇంటర్ పాసై, టీచర్ ట్రైనింగ్‌కి పొమ్మని ఇంటిల్లిపాదీ మొత్తుకుంటున్నా వినకుండా ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, ఆ సర్టిఫికెట్టుకు ప్లాస్టిక్ కవరు కూడా వేయించుకుని వచ్చినదాన్ని. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. కరెంటు గురించి ఈ భూమ్మీద నాకు తెలియనిది ఏమీ లేదని గట్టి నమ్మకం. (ఇప్పుడు యాభై దగ్గర పడ్డాయి. ఆ నమ్మకం ఏటా కొంత కొంత తరుగుతూ వచ్చింది. ఈమధ్య మా ఇంట్లో ఇన్వర్టరు విప్పాక బొత్తిగా లేకుండా పోయింది.)

నాయన నన్ను కొట్లో కూర్చోనిచ్చేవాడు గానీ బండి ముట్టుకోనిచ్చేవాడు కాదు. తీగలు గీకడం, టంకం పెట్టడం, పాత డైనమోలు కిరసనాయిలుతో కడగడం నా పని. ఆడపిల్లననే కదా అని ఒకరోజు దెబ్బలాడాను. "ఆడపిల్లవని గాదు పాపా, నీకు నోరు పెద్దది. బండి చెప్పేది ఇనకముందే నువ్వు చెప్తావు," అన్నాడు. అమ్మ మాత్రం టీచర్ ట్రైనింగ్ దరఖాస్తు తెప్పించి, నా చేత నింపించి, బైబిల్లో పెట్టి దాచింది. అది ఆ నెలాఖరుకల్లా పోస్టులో పడాలి.

అలాంటి రోజుల్లో మా కొట్టు ముందుకు ఎర్ర కారు వచ్చి ఆగింది. దాని ఓనరు పలకల శెట్టి. బళ్ళో పిల్లలు రాసే పలకలు తయారుచేసే ఫ్యాక్టరీ ఆయనది, ఫ్యాక్టరీ వెనకే ఇల్లు. పలకలు ఓడకెక్కించడానికి మద్రాసు పోయినాయన, అక్కడ ఎవరో వాడి వాడి వదిలేసిన ఫారిన్ స్పోర్ట్స్ కారు చూసి మనసు పారేసుకుని కొనుక్కొచ్చాడు. రెండే తలుపులు. ఎత్తు నా నడుం దాకా. ఒళ్ళు భారీగా ఉన్న శెట్టి అందులోంచి బయటికి రావాలంటే ముందు ఒక కాలు, తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత ఎవరిదైనా సాయం కావలసి వచ్చేది. వింతేమిటంటే ఆ కారుకు ముందువైపు లైట్లే లేవు. నున్నగా, ముఖం కడుక్కుని కళ్ళు మూసుకున్నట్టు ఉండేది. లోపల మీట నొక్కితే బానెట్ మీద రెండు మూతలు లేచి, వాటి కింద నుంచి రెండు లైట్లు బయటికి వచ్చేవి. చూడ్డానికి పక్క హోటలు వాళ్ళు కూడా పెనం మీద అట్టు వదిలేసి వచ్చారు.

శెట్టి మీట నొక్కాడు. కుడి కన్ను ఠీవిగా లేచి నిలబడింది. ఎడమది సగం లేచి ఆగింది, ఏదో గుర్తొచ్చినట్టు కిందికి పోయింది, మళ్ళీ లేచింది, మళ్ళీ పోయింది. అట్లా ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది.

"అదీ మేస్త్రీ సంగతి," అన్నాడు శెట్టి దిగులుగా. "పదిదినాల్లో మా పాప పెండ్లి. గిద్దలూరోళ్ళు సాయంత్రం రైలుకు వస్తారు. టేసను కాడ ఎదురుకోలు. పెండ్లికొడుకును ఈ బండిలో కూసోబెట్టి, లైట్లు లేపుకోని ఊర్లోకి తీసకొస్తానని మా పాపకు మాటిచ్చినా. ఇది జూస్తే ఇట్ల జేస్తాంది."

నాయన చుట్టూ తిరిగాడు. చెవి ఒగ్గాడు. టెస్ట్ ల్యాంపు చేతిలో పట్టుకుని ఎక్కడ ఆనించాలో తోచక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఇది మన పని గాదులే శెట్టీ. మద్రాసు పంపీ," అన్నాడు.

"మేం చేస్తాం శెట్టిమామా! నాకు తెలుసు," అన్నాను నేను.

అన్న మరుక్షణమే అనకుండా ఉంటే బాగుండుననిపించింది గానీ అప్పటికే పక్క హోటలు ఆయన "మా పాప ఐటీఐ" అని శెట్టికి చెప్పేశాడు. శెట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారు కొట్లో పెట్టి నడిచి వెళ్ళిపోయాడు. నాయన స్టూలు నా వైపు తిప్పుకుని కూర్చున్నాడు. "తెలుసంటివి గదా. నువ్వే చెయ్యి. నేను చెయ్యి పెట్టను. ఇది బాగైతే ఇకమీద ఈ కొట్లో ఏ బండైనా ముట్టుకో, నిన్ను అడిగేవాడు లేడు. బాగు కాకపోతే ఆ దరఖాస్తు నువ్వే పోయి పోస్టులో ఏసి రావాల," అన్నాడు. సరేనన్నాను. (ఆ వయసులో నాకు 'సరే' తప్ప వేరే మాట వచ్చేది కాదు, 'తెలుసు' తప్ప.)

మొదటి నాలుగు రోజులూ నేను చేసిన ఘనకార్యం చెబుతాను. మోటారు జోలికి పోలేదు. చదువుకున్నదాన్ని కదా, ముందు సర్క్యూట్ చూడాలి. ఫ్యూజులన్నీ మార్చాను. రిలేలు విప్పి బిగించాను. బానెట్ కింద ఉన్న తీగలన్నీ బయటికి లాగి, ఒక్కోదానికి అమ్మ చీరల అంచులు చింపి ఒక్కో రంగు పీలిక కట్టాను. రెండో రోజు సాయంత్రానికి ఆ కారు దర్గా ముందర మొక్కు పీలికలు కట్టిన చెట్టుకొమ్మలాగా తయారైంది. మూడో రోజు ఏ పీలిక దేనికి కట్టానో మరిచిపోయాను. నాయన స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూస్తూ ఉండేవాడు. ఒక్కసారే నోరు తెరిచాడు. "మోటారు నెత్తిన ఆ రబ్బరు టోపీ ఏంది పాపా?"

"అది టోపీ కాదు నాయనా. ఫారిన్ డిజైను," అన్నాను.

ఆ రాత్రి అన్నాల ముందు అమ్మ ప్రార్థనలో కారు కూడా చేరింది. "ప్రభువా, పుట్టు గుడ్డోళ్ళకు చూపిచ్చినోడివి, ఈ శెట్టి బండికి ఒక్క కన్ను ఇయ్యలేవా," అని అమ్మ గట్టిగా అడిగింది. నాయన ఆమెన్ అనడం ఒక నిమిషం ఆలస్యమైంది.

అయిదో రోజు, చేయడానికి ఇంకేమీ మిగలక, కుడి మోటారు ఎడమకు, ఎడమ మోటారు కుడికి మార్చి బిగించాను. మీట నొక్కితే ఈసారి ఎడమ కన్ను దొరబిడ్డలా నిలబడింది, కుడి కన్ను కొట్టుకోవడం మొదలుపెట్టింది. అంటే తీగలకు ఏ పాపమూ తెలియదు, రోగమంతా ఆ ఒక్క మోటారులోనే ఉంది. మొదటి రోజు గంటలో తేలవలసిన సంగతి నాలుగు రోజులు పట్టిందని నేను నాయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు. మోటారు విప్పుతూ రబ్బరు టోపీ పీకితే దాని కింద చేత్తో తిప్పే చిన్న గుబ్బ ఉంది. తిప్పుతూ పోతే మూత మెల్లిగా పైకి లేస్తుంది. మోటారు చెడిపోయినప్పుడు చేత్తో కన్ను తెరవడానికి తయారుచేసిన వాళ్ళే పెట్టారు. అదీ ఫారిన్ డిజైను.

మోటారు లోపల ఒక గుండ్రటి రేకు ఉంటుంది. కన్ను పూర్తిగా తెరుచుకున్నాక ఒకచోట, పూర్తిగా మూసుకున్నాక ఒకచోట ఆ రేకే కరెంటు ఆపి మోటారును నిలబెడుతుంది. దాని మీద నల్లగా, జిగటగా ముద్ద పేరుకుని ఉంది. ఆగవలసిన చోటు తెలియక మోటారు తిరుగుతూనే ఉందన్నమాట. వేలితో తీసి చూశాను. మా ఊళ్ళో ఎక్కడ తుడిచినా వచ్చే పలకల దుమ్మే, ఏదో నూనెలో కలిసి గట్టిపడింది. వాసన చూశాను. అమ్మ ఆదివారం పొద్దున నా తలకు పెట్టే ఆముదం వాసనే. అయినా ఆముదం కారులోకి ఎందుకొస్తుంది, ఫారిన్ గ్రీజు వాసన ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. (ఆ క్షణంలో నా ఐటీఐ సర్టిఫికెట్టు దగ్గరలో ఉంటే అదే సిగ్గుపడి కవరులో ముడుచుకునేది.) కిరసనాయిలుతో కడిగి, గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, ఎవరి మోటారు వారికి బిగించాను. రెండు కళ్ళూ ఒక్కసారి లేచాయి. శెట్టి నా తల మీద చెయ్యి పెట్టి, కారులోకి దిగి, సంతోషంగా వెళ్ళిపోయాడు. నేను నాయన వైపు చూశాను. నాయన రోడ్డు వైపు చూశాడు.

రెండు రోజులకు శెట్టి తిరిగొచ్చాడు. మనిషి ముఖం చూస్తే నాకే భయమేసింది.

"ఏంది మామా?"

"ఏముందమ్మా. బాగుండాయా లేదా అని రోడ్డు మీద లైట్లు లేపినా. బ్యాంకు మేనేజరు భార్య ఎదురొస్తాంది. ఇది ఆయమ్మకు కన్ను కొట్టింది. ఆయమ్మ బండిని జూడలా. నన్ను జూసింది."

మళ్ళీ విప్పాను. మళ్ళీ అదే ముద్ద, అదే వాసన, అదే ఎడమ మోటారు. మళ్ళీ కడిగి పంపాను. పెళ్ళికి ముందురోజు పొద్దున్నే శెట్టి మూడోసారి వచ్చాడు. ఈసారి కారు మా కొట్టు ముందు ఆపి మీట నొక్కి చూపించాడు. ఎడమ కన్ను టపటపలాడుతూంది. హోటలు ఆయన మా పాప ఐటీఐ అనడం మానేశాడు. నాకు ఏడుపు వచ్చింది. తలుపు చాటుకు పోయి నిజంగానే ఏడ్చాను. దరఖాస్తు నింపిన నా చేతిరాతే కళ్ళ ముందు కనబడింది.

నాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెయ్యి పెట్టనని మాటిచ్చాడు కదా, పెట్టలేదు. గోడతో మాట్లాడినట్టు, "మన కొట్లో ఉన్నన్నాళ్ళు బాగనే ఉంటది. ఆళ్ళింటికి పోతే చెడతది. నేనైతే బండిని విప్పను. ఇంటిని జూసొస్తా," అన్నాడు.

మూడోసారి కడిగి బిగించి, శెట్టితో పాటు ఆ కారులోనే కూర్చుని వాళ్ళింటికి వెళ్ళాను. ఫ్యాక్టరీ షెడ్డులో కారు ఆపి ఆయన పెళ్ళి పనుల్లోకి పోయాడు. నేను పలకల దొంతర వెనక కూర్చున్నాను. అరగంట గడిచింది. ఇంట్లోంచి శెట్టిగారి అమ్మ వచ్చింది. ఎనభై ఏళ్ల అవ్వ, నడుం వంగిపోయింది. ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో దూది వత్తి. డ్రైవరు కుర్రాణ్ణి పిలిచి మీట నొక్కించి మూత లేపించింది. తర్వాత మెల్లిగా వంగి, ఎడమ లైటు పక్క సందులోకి వత్తితో ఆముదం పిండింది. చాలదనుకుందో ఏమో, గిన్నె కూడా కాస్త వంచింది.

"అవ్వా! ఏం జేస్తాండావే!" అని కేక పెట్టి లేచాను.

అవ్వ బెదరలేదు. "ఎవురూ, మేస్త్రి కూతురా? దీనికి ఎడమ కన్ను కలక కట్టిందమ్మా. తెరవలేక మూయలేక ఎంత తిప్పలు పడతాందో జూడు నా తల్లి. మా పిల్లోళ్ళందరికీ నేనే ఏసినా ఆముదం, ఒక్కనికి గూడా అద్దాలు రాలా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏస్తే నాలుగు దినాల్లో సల్లబడతది. దీనికేందో నెల నుంచి ఏస్తాండా, తగ్గదు."

"కుడి కంటికెందుకు వేయలేదవ్వా?"

"అది బాగనే ఉంది గదా!" అంది అవ్వ, ఇంత తెలివితక్కువ ప్రశ్న వేస్తావేమిటన్నట్టు.

లైటు కింద మోటారుకు అడ్డంగా ఉండే రబ్బరు బిళ్ళ చిరిగి ఉంది, ఆ సందులోంచి ఆముదం తిన్నగా మోటారులోకి దిగుతోంది. షెడ్డులోని పలకల దుమ్ము దాంతో కలిసి ముద్ద కడుతోంది. నేను అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాను. బండి కన్ను గాజుది, దానికి ఆముదం పడదు, నువ్వు వేశావంటే నేను ఊరొదిలి పోవాలి అన్నాను. అవ్వకు జాలేసింది. "సరేలే, ఏడవబాక. ఇంక ఏయను," అని నా చేతిలో చెయ్యేసింది. నేను నాలుగోసారి మోటారు కడిగి, చిరిగిన రబ్బరు చుట్టూ సైకిలు ట్యూబు ముక్క చుట్టి వచ్చేశాను.

మరుసటి రోజు ఎదురుకోలు. గిద్దలూరు రైలు వచ్చేసరికి పొద్దు గూకుతోంది. నేను మా అమ్మ పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుంపు వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళికొడుక్కి బెల్లం పానకం ఇచ్చారు, దండ వేసి కారులో కూర్చోబెట్టారు, కారుకు కుంకుమ పెట్టారు, నిమ్మకాయ తొక్కించారు. శెట్టి మీట నొక్కాడు. రెండు కళ్ళూ గర్వంగా పైకి లేచాయి. జనం ఓహో అన్నారు. మేళం మొదలైంది. నేను నాయన కోసం వెనక్కి తిరిగాను. ఆలోగా ఆ ఓహో కాస్తా హిహి అయింది.

చూద్దును కదా, ఎడమ కన్ను దిగుతూంది, కుడి కన్ను లేస్తూంది. కుడిది దిగితే ఎడమది లేస్తూంది. ఒకటి కాదు, ఈసారి రెండూ! డప్పు వాళ్ళకు ఆ వరస నచ్చినట్టుంది, దానికి తగ్గట్టు దెబ్బ మార్చారు. పెళ్ళికొడుకు లోపల దండ పట్టుకుని బిక్కచచ్చిపోయాడు. గిద్దలూరు మేనత్త ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏంది వదినా, మీ బండి మా ఆడోళ్ళకు కన్ను కొడతాంది? మర్యాద ఇట్లనేనా?" అని మొదలుపెట్టింది. శెట్టి ముఖం చూడలేకపోయాను. ఆడవాళ్ళ మధ్య అవ్వ కనబడింది. నా చూపు అర్థమై, "పెండ్లి పూట ఇంట్లో అందరికీ ఆముదం పెట్టి తలకు పోస్తిమి. అదొక్కటే ఏం పాపం జేసింది? అందుకే రెండు కండ్లకూ ఏసినా," అంది. బానెట్ తుడిచిన నీళ్ళ తడి ఇంకా ఉంది. తలంటు నిజంగానే జరిగింది, నా ట్యూబు ముక్క ఆ ఆముదానికి ఏ మూలకూ చాలలేదు.

నాయన వైపు చూశాను. నాయన రైలు వైపు చూస్తున్నాడు, అది వెళ్ళిపోయి చాలాసేపైనా. ఇక దిక్కు లేదని చీర కుచ్చిళ్ళు పైకి దోపి, గుంపును తోసుకుని కారు ముందుకు పోయాను. "మామా, మీట ముట్టుకోవద్దు!" అని అరిచి బానెట్ ఎత్తాను. ముందు మోటార్లకు కరెంటు తెచ్చే ప్లగ్గులు రెండూ పీకేశాను. కళ్ళు సగంలో ఆగిపోయాయి. రబ్బరు టోపీలు పీకి, కింది గుబ్బ చేత్తో తిప్పడం మొదలుపెట్టాను. అది ఒక చుట్టుకు లేచేది కాదు. ఆముదంతో జారిపోతోంది. పట్టుచీర కొంగుతో పట్టుకుని తిప్పాను. ఎడమ కన్ను లేచి నిలబడింది. కుడి కన్ను లేచి నిలబడింది. లైట్లకు వేరే తీగ కాబట్టి అవి వెలుగుతూనే ఉన్నాయి. బానెట్ వేసి పక్కకు జరిగాను. ఇంక ఆ కళ్ళు ఎవరికీ కొట్టవు, ఎవరూ మూయలేరు కూడా. శెట్టిగారి కూతురు మేడ మీద నుంచి చూస్తుండగా పెళ్ళికొడుకు కళ్ళు తెరిచిన కారులోనే ఇల్లు చేరాడు. మేనత్త కూడా ఆ లైట్ల వెలుగులోనే ఇంటిదాకా నడిచింది.

శెట్టి చేతులు జోడించుకుంటూ నాయన దగ్గరికి పోయాడు. "మేస్త్రీ, మానం నిలబెడ్తివి."

"నేను ముట్టుకోలా," అన్నాడు నాయన. అంతే. నాకు కోపం కూడా వచ్చింది, ఇంకో మాట అంటే ఏం పోయిందని. ఇంటికొచ్చాక అమ్మ, కొంగుకు అంటిన ఆముదం మరక చూసి చీర గురించి ఏడ్చింది, తర్వాత కారు గురించి ప్రభువుకు వందనాలు చెప్పింది. దరఖాస్తు మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. నెగ్గానో ఓడానో ఎవరూ చెప్పకుండా రెండు రోజులు గడవడం ఎంత కష్టమో ఆ వయసు వాళ్ళకే తెలుస్తుంది.

సోమవారం పొద్దున కొట్టు తెరిచాం. నేను మామూలుగా పాత డైనమో ముందేసుకుని కడుగుతున్నాను. నాయన గుమ్మం దగ్గర లారీ బ్యాటరీలో నీళ్ళు పోస్తున్నాడు. దొనకొండ నుంచి వచ్చిన ట్రాక్టరు ఆయన ఒకడు, లైట్లు వెలగడం లేదు మేస్త్రీ అంటూ నాయన దగ్గరికి వచ్చాడు. నాయన తల ఎత్తలేదు. "లోపల మేస్త్రి ఉంది. పోయి అడుగు," అన్నాడు.

ఆ మనిషి లోపలికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను, లోపల ఇంకెవరున్నారా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది. ఆ గోడ వైపు తిరిగి ఎంతసేపు నిలబడ్డానో గానీ, ట్రాక్టరు ఆయనకు విసుగొచ్చి, "ఏమ్మా మేస్త్రీ, నిన్నే!" అన్నాడు. తెలుసు తెలుసని నాలుగు వీధులకు వినబడేలా అరిచిన పిల్ల, తీరా ఎవరో వచ్చి అడిగేసరికి నోట మాట రాక నిలబడిపోయిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వే కాదు, దాన్ని దగ్గరికి తీసుకోవాలని కూడా ఉంటుంది.